మేకుకి పది బిళ్ళలు

జూన్ 9, సోమవారం

ముందుగా క్షమాపణలు. ఈ భూమండలం మీద నరికిన ప్రతి చెట్టుకీ, ఎండబెట్టిన ప్రతి వాగుకీ, కనీసం ఒక ఫొటో అయినా దిగకుండా అంతరించిపోయిన ప్రతి కప్పకీ, యావత్ మానవజాతి తరఫున నేను, అనగా జువాలజీ ఎమ్మెస్సీ రెండో సంవత్సరం, హాజరు డెబ్భై ఒక్క శాతం, సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఓ డైరీ, నీకు కూడా. నువ్వు కాగితానివి, అంతకుముందు చెట్టువి, ఇప్పుడు నా చేతిరాత మొయ్యాల్సిన ఖర్మ పట్టింది. ఇకముందు ఈ పేజీల్లో కనబడబోయే పిరికితనం, బద్ధకం, చీదర, పరనింద, వీటన్నిటికీ కలిపి టోకున ఇప్పుడే చెప్పేస్తున్నాను. మళ్ళీ రోజుకోసారి నన్ను అడగొద్దు.

వర్షారణ్యాన్ని కాపాడ్డానికి వచ్చాను. రెండు విమానాలు, ఒక బస్సు, ఒక జీపు, ఒక పడవ. పడవ దిగుతూనే మోకాలిదాకా బురదలో దిగబడ్డాను. బాబాయ్ చెయ్యందించి లాగాడు. కాపాడే కార్యక్రమం అలా తలకిందులుగా మొదలైంది.

బాబాయ్ అంటే ఈ స్టేషన్లో అడవి దారులు చూపించే ఆయన. యాభై అయిదుంటాయి. అసలు పేరు పలకబోతే నా నాలిక మూడుసార్లు మడతపడింది.

"ఏదో ఒకటి పిలువు, పలుకుతాను," అన్నాడు.

"బాబాయ్ అంటాను."

"అంటే?"

"మా నాన్న తమ్ముడు."

"ఆయన మంచోడేనా?"

"మంచోడే. పెళ్ళిళ్ళలో రెండో పంక్తిలో కూడా కూచుంటాడు."

"అయితే సరే," అన్నాడు.

ఇక్కడ ఎవరి భాష వాళ్ళది. మధ్యలో అందరం ఇంగ్లీషుని ముక్కలు చేసి పంచుకుంటాం. నా డైరీలో మాత్రం అందరూ శుభ్రంగా తెలుగే మాట్లాడతారు. నా డైరీ, నా చట్టం.

జూన్ 10, మంగళవారం

గది. చెక్క గోడలు, రెండు మంచాలు, ఒక తీగ. తీగ మీద నిన్న ఉతికిన నా ప్యాంటుకి ఇవాళ బూజు పట్టింది. మా ఊళ్ళో బూజుకి ఇంత తొందర లేదు. పరుపు మీద కూచుంటే చెమ్మ పైకొచ్చి పలకరిస్తుంది. నాకంటే ముందు ఎవరో ఇక్కడ చాలా చెమట కార్చారు, అది ఇంకా ఎండలేదు.

వంటింటి ఫ్రిజ్‌లో పై అర రొట్టెలకి. కింది అర కోతులు విసర్జించిన వాటికి, చిన్న చిన్న సంచుల్లో. అందులో ఏ గింజలున్నాయో కడిగి లెక్కపెడతారట. రెండు అరల్లోనూ సంచుల మీద తేదీలు రాసుంటాయి. రొట్టె తేదీయే పాతది.

పక్క మంచం కుర్రాడికి యాంకరు అని పేరు పెట్టాను. లేచింది మొదలు ఫోన్ ఎదురుగా పట్టుకుని "హాయ్ ఫ్రెండ్స్" అంటాడు. ఇవాళ ఒక కప్పని అరచేతిలో పెట్టుకుని పదకొండు నిమిషాలు ప్రకృతి మీద ప్రేమ గురించి మాట్లాడాడు. కప్ప ఆ పదకొండు నిమిషాలూ అతని చేతిలో ఒంటేలు పోసుకుంటూనే ఉంది. ఈ స్టేషన్లో నాకు నచ్చిన మొదటి ప్రాణి.

స్టేషన్ పెద్దాయన క్లిప్‌బోర్డు లేకుండా కనపడడు. స్నానానికి కూడా తీసుకెళ్తాడేమో అని నా అనుమానం. పేరు క్లిప్‌బోర్డు గారు.

అక్క మా కాలేజీ సీనియరే. పీహెచ్‌డీ. నన్ను ఇక్కడికి పిలిపించింది తనే. వచ్చిన పాపానికి తనకి సాయం చెయ్యాలి.

జూన్ 11, బుధవారం

పని అర్థమైంది. ముప్పై ఏళ్ళ కింద నరికేసిన అడవి మళ్ళీ మొలుస్తోంది. మొలిపిస్తున్నది ఎలుకలట. గింజలు దాచుకుని, ఎక్కడ దాచాయో మర్చిపోతాయట. నా కంటే మతిమరుపు గల ప్రాణులు అడవులు సృష్టిస్తున్నాయి, నేను సప్లిమెంటరీలు రాస్తున్నాను.

ఆ ఎలుకల్ని లెక్కపెట్టడానికి నాలుగు లైన్లు, లైనుకి పది రేకు బోనులు. వేరుశనగ ముద్ద పెట్టి తలుపు తెరిచి ఉంచుతాం. ఎలుక లోపలికెళ్తే తలుపు పడుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్ళి చూడాలి. పడినదాన్ని తూచి, చెవికి నంబరేసి, వదిలెయ్యాలి. స్టేషన్‌కి సెలవైతే ఎర తీసేసి తలుపులు మూసి రావాలి.

ఇక్కడో పద్ధతుంది. తెరిచిన ప్రతి బోనుకీ దాని నంబరున్న రేకు బిళ్ళ వేలాడుతుంటుంది. బోను మూస్తే బిళ్ళ తీసుకొచ్చి వరండాలో ఆ లైను మేకుకి తగిలించాలి. మేకుకి పది బిళ్ళలుంటే ఆ లైను మూసినట్టు. ఇంకెవరూ ఎవర్నీ అడగక్కర్లేదు. పంతొమ్మిదేళ్ళ కింద బాబాయే కనిపెట్టాడట.

"మూసిన చేత్తోనే బిళ్ళ తియ్యాలి," అంది అక్క. "ఆ రెండు పనులూ విడగొట్టకు. చచ్చినా విడగొట్టకు."

"అలాగే అక్కా. బతికున్నా విడగొట్టను."

"ఈ వెటకారమే వద్దన్నది."

జూన్ 13, శుక్రవారం

జలగలు. నేలమీంచి వస్తాయనుకున్నాను. ఆకుల మీంచి కూడా వస్తాయి. నిలబడి, తలెత్తి, ఊగుతూ, మన వంక చూస్తాయి. కళ్ళుండవు, అయినా చూస్తాయి.

నాలుగో లైను వాగు పక్కన. జలగలకి రాజధాని. ఇవాళ లెక్కపెట్టాను, ఇరవై మూడు. చొక్కా విప్పితే పొట్ట మీద ఎర్రటి గీతలు కారుతున్నాయి. ఒకటి బొడ్డులో కాపురం పెట్టింది.

బాబాయ్ ఉప్పు మూట అద్దుతూ, "నీది తియ్యటి రక్తం బాబూ, వాటికి కబురందింది," అన్నాడు.

భోజనానికి చెయ్యి కడుక్కున్నా వేరుశనగ ముద్ద వాసనే. సగం కుళ్ళిన వాసన. అన్నం వదిలేశాను.

జూన్ 14, శనివారం

నాలుగో లైను, ఏడో బోనులో ఎప్పుడూ ఒకే ఎలుక పడుతుంది. చెవి నంబరు ముప్పయ్యేడు. రెండు పూటలా వస్తుంది, ముద్ద తింటుంది, మనం వచ్చేదాకా మర్యాదగా కూచుంటుంది, వదిలితే పరిగెత్తకుండా నడిచి వెళ్తుంది. మెస్సు మెంబరు అని పేరు పెట్టాను. హాస్టల్లో నేనూ ఇంతే.

అక్క దాన్ని సంచీలో తూచి, "బరువు పెరిగింది. కడుపుతో ఉంది," అంది.

"తండ్రెవరో రాయాలా షీట్‌లో?"

నవ్వింది. ఇక్కడికొచ్చాక అక్క నవ్వడం అదే మొదలు.

జూన్ 15, ఆదివారం

కాలివేళ్ళ మధ్య జలగ. ఇంతకంటే రాయడం నా వల్ల కాదు.

జూన్ 16, సోమవారం

అమ్మతో మాట్లాడాను. సిగ్నల్ కోసం నీళ్ళ ట్యాంకు నిచ్చెనెక్కాలి.

"పులులున్నాయా నాన్నా?"

"లేవమ్మా. ఎలుకలు."

"ఎలుకలు మనింట్లో లేవూ? దానికి అంత దూరం దేనికిరా?"

"ఇవి అడవిని పెంచే ఎలుకలమ్మా."

అవతల తలుపు వేసిన చప్పుడు. తర్వాత మెల్లగా, "మన అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర అందరికీ నేను పులులనే చెప్పాను. నువ్వు ఫోన్లో ఎలుకల మాట ఎత్తకు," అంది.

జూన్ 18, బుధవారం

కంటి కింది రెప్ప లోపల. సన్న జలగ. అద్దంలో చూసుకుంటుంటే కదిలింది.

నేను అరిచిన అరుపుకి యాంకరు పరిగెత్తుకొచ్చాడు, ఫోన్‌తో సహా. బాబాయ్ నా తల తన మోకాళ్ళ మధ్య పెట్టుకుని, తడి గుడ్డ కొనతో, ఓపిగ్గా, పావుగంట తీశాడు. అంతసేపూ తన చిన్నకూతురు సైకిలు నేర్చుకుంటూ కోళ్ళ గూడులోకి దూసుకెళ్ళిన కథ చెప్పాడు. కథ అయిపోయేసరికి అదీ వచ్చేసింది.

"రేపు నాలుగో లైనుకి నేనూ రానా?"

"అక్కర్లేదు బాబాయ్. నేనేం చిన్నపిల్లాణ్ణా?"

నాకు ఈ అడవంటే అసహ్యం. అది నా కళ్ళలోకి కూడా వచ్చేస్తుంది.

జూన్ 19, గురువారం, మధ్యాహ్నం

రేపట్నుంచి మూడ్రోజులు సెలవు. అందరం టౌనుకి. బాబాయ్ ఒక్కడూ స్టేషన్ కాపలా. సాయంత్రం నాలుగు లైన్లూ మూసెయ్యాలి. ఒకటీ రెండూ అక్క, యాంకరు. మూడు బాబాయ్. నాలుగు నేను.

పొద్దున చూడ్డానికి వెళ్ళినప్పుడే పది బిళ్ళలూ తీసి జేబులో వేసుకొచ్చి మేకుకి తగిలించేశాను. సాయంత్రం వట్టి తలుపులు మూసి పరిగెత్తుకు రావచ్చు, బోను బోనుకీ ఆగి తడిసిన తాడు ముళ్ళు విప్పక్కర్లేదు. బోను దగ్గర అర నిమిషం మిగిలితే అయిదు జలగలు మిగిలినట్టు. ఇది సైన్సు.

బాబాయ్ వరండా ఊడుస్తూ మేకు వంక చూశాడు.

"అప్పుడే తెచ్చేశావా బిళ్ళలు?"

"సాయంత్రం తలుపులు మూస్తాగా బాబాయ్."

"బోనులు తెరిచే ఉన్నాయా అయితే?"

"ఉంటే ఏం? మూస్తాగా."

 ఊడ్చుకుంటూ పోయాడు.

సాయంత్రం

నాలుగో లైను మూసేశాం. ఒకటే వాన.

జూన్ 20, శుక్రవారం

టౌను. లాడ్జి. దుప్పటి మీద నావి కాని వెంట్రుకలు, మూడు రకాలు. బాత్రూం కుళాయి తిప్పితే తుప్పునీళ్ళు, గోడ అవతల ఎవరో ఖళ్ళున దగ్గుతున్నారు. అయినా స్వర్గం. జలగ లేదు.

జూన్ 21, శనివారం

యాంకరు ఫ్యాన్‌కి దండం పెట్టి దాని మీద వీడియో చేశాడు. అక్క మూడేళ్ళ లెక్కలు ముందేసుకుని కూచుంది. ఈ ఒక్క నెల సరిగ్గా గడిస్తే థీసిస్ అయిపోతుందట. బోనులో జంతువు చస్తే పైకి రాసి పంపాలట, ఎక్కువ చస్తే అనుమతి ఆపేస్తారట. ఇదంతా నాకెందుకు చెప్తోందో. మూసే వచ్చాంగా.

జూన్ 22, ఆదివారం

ఇవాళా వాన. వానలో ఎలుకలు బయటికి రావు. ఎక్కడో చదివాను. చదివే ఉంటాను.

జూన్ 23, సోమవారం

ఒకటో లైను బాగుంది. రెండు బాగుంది. మూడు బాగుంది.

నాలుగో లైను మలుపు దగ్గర బాబాయ్ ఆగి గాలి పీల్చాడు. అక్క నన్ను దాటుకుని పరిగెత్తింది.

పది బోనుల్లో ఆరింటి తలుపులు పడి ఉన్నాయి. నాలుగు నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి. మూడున్నర రోజులు. తిండీ నీళ్ళూ లేకుండా, వేడెక్కే రేకులో. మొదటిది అక్క తెరిచింది. లోపలున్నది ఎలుకో, పురుగుల ముద్దో తెలియలేదు. అది కదులుతోంది, కానీ ఎలుక కాదు కదిలేది. రెండోదాంట్లో చీమలు చెవి నంబరొక్కటే మిగిల్చాయి. మూడోదానికి తలుపు లోపలివైపు కొరికి కొరికి పళ్ళు విరిగాయి.

ఏడో బోను. మెస్సు మెంబరు ఈనింది. లోపలే. ఆరు పిల్లలు, గులాబీ రంగు, చిటికెనవేలి గోరంత. వాటి మీద పడుకుని ఉంది.

నేను వాగు ఒడ్డున డోక్కున్నాను. కడుపులో ఏమీ లేకపోయినా ఆగలేదు. జలగలు ఎక్కుతున్నాయి. పీక్కోలేదు.

వెనక నుంచి అక్క గొంతు. "నువ్వు మూశావు కదా?"

"మేకు చూశావుగా అక్కా. పది బిళ్ళలు."

బాబాయ్ ఒక్కో బోనూ మూస్తున్నాడు. నా వంక చూడలేదు.

అదే రోజు, సాయంత్రం

మధ్యాహ్నం భోజనాల గదిలో మీటింగు. క్లిప్‌బోర్డు గారు కాగితం చదివారు. "మృతులు పన్నెండు." ఆ మాటని ఆయన బల్లమీద దుమ్ము దులిపినట్టు పలికారు. నాకు ఒళ్ళు మండింది. ఆ మనిషికి ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, పేరు తెలీదు.

"మేకుకి పది బిళ్ళలున్నాయి. అంటే లైను మూశారు. మూసిన తలుపులు వాటంతటవి తెరుచుకోవు. ఎవరు తెరిచి ఉంటారు?"

అక్క బల్ల వంక చూస్తోంది. యాంకరు ఫోన్ మొదటిసారి బోర్లా పెట్టాడు.

ఎవరో అన్నారు, ఈ మూడ్రోజులూ ఇక్కడున్నది బాబాయ్ ఒక్కడేనని. నిజమేగా. అబద్ధమేం కాదుగా. ఎవరో అన్నారు.

తర్వాత బాబాయ్‌ని పిలిపించారు. చేతులకి మన్ను.

"అడవి మాంసం కోసం బోనులు తెరిచావా?"

బాబాయ్ చేతులు దులుపుకున్నాడు. "నేను ఎలుకల్ని తినే మనిషినైతే, పంతొమ్మిదేళ్ళలో మీరు లెక్కపెట్టుకోడానికి ఒక్కటైనా మిగిల్చేవాణ్ణా?"

ఎవరూ నవ్వలేదు. జోకులకి ఈ స్టేషన్లో విలువ లేదు.

శుక్రవారం పడవలో పై ఆఫీసుకి బాబాయ్ మీద ఉత్తరం వెళ్తుంది. అది వెళ్తే ఆయన ఉద్యోగం పోయినట్టే. అప్పటిదాకా అడవిలో అడుగు పెట్టకూడదు, బూట్లూ తాళాలూ అప్పజెప్పాలి.

ఎంత నీచమైన చోటికొచ్చానో. ఎంత నీచమైన మనుషులో.

జూన్ 24, మంగళవారం

వంటింటి ఫ్రిజ్ తెరవలేకపోయాను. ఆ వాసన నా ముక్కులోదా, నిజంగా ఉందా?

జూన్ 25, బుధవారం

బాబాయ్ పెరట్లో చెప్పుల్లేకుండా కూచుని నాలుగో లైను బోనులు బ్రష్షుతో రుద్దుతున్నాడు. బూట్లు అప్పజెప్పేశాడు. పాదాల మీద పంతొమ్మిదేళ్ళ జలగల మచ్చలు.

నేనూ ఒక బ్రష్షు తీసుకున్నాను. మూలల్లో ఎండిపోయింది రావట్లేదు. గోటితో గీకాల్సొచ్చింది.

"బాబాయ్, బిళ్ళల సంగతి మీరు చెప్పలేదే?"

"ఏ సంగతి?"

"గురువారం మధ్యాహ్నమే మేకుకి ఉన్నాయని. బోనులు అప్పటికి తెరిచే ఉన్నాయని. మీరు చూశారుగా."

"చెప్పాను. కొలువు పోతుంటే కథలు పుట్టుకొస్తాయన్నాడు పెద్దాయన." బోను తిరగేసి నీళ్ళు ఒంపాడు. "నిన్నడగమన్నాను. ఆ అబ్బాయిని ఇబ్బంది పెట్టను, అతిథి అన్నాడు."

"మీరు నన్ను అడగొచ్చుగా?"

"ఏమని? నాకు తెలిసిందే నిన్నడగాలా?"

కోపంగా అన్నా బాగుండేది. బ్రష్షు కోసం చెయ్యి చాపాడు, ఇచ్చాను.

జూన్ 26, గురువారం

చెప్పేశాను.

పొద్దున క్లిప్‌బోర్డు గారి గదికెళ్ళి, నిలబడి, గురువారం సాయంత్రం నేను నాలుగో లైనుకి వెళ్ళలేదని చెప్పాను. మెట్ల మీద కూచుని బిస్కెట్లు తింటూ వాన చూశానని చెప్పాను. వెనక్కి పంపేస్తారనుకున్నాను. తిడతారనుకున్నాను. సంచీ కూడా సర్దుకునే వెళ్ళాను.

ఆయన కళ్ళజోడు తీసి, లేచి, నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు!

"ఇలా ముందుకొచ్చి చెప్పడానికి గుండె కావాలి. నీ సర్టిఫికెట్‌లో నిజాయితీ గురించి ఒక వాక్యం రాయిస్తాను."

"మరి పన్నెండు..."

"శిక్షణలో లోపం. మేమూ చూసుకోవాల్సింది."

బాబాయ్ చేస్తే దొంగతనం. నేను చేస్తే శిక్షణలో లోపం. ఆయన చెయ్యి మెత్తగా, వెచ్చగా, కొంచెం తడిగా ఉంది. బొడ్డులో జలగ కంటే చీదర పుట్టింది. విడిపించుకోలేదు. థాంక్యూ సర్ అని కూడా అన్నాను.

అక్క షీట్ నా ముందుకి తోసింది. "ఏడో బోను. నువ్వే నింపు. పిల్లలకి ఒక్కోదానికి ఒక్కో వరస. ఆరు వరసలు."

"అక్కా, అనుమతి..."

"రాయి."

రాశాను. నంబరు లేదు. బరువు లేదు. కారణం అన్న గడిలో ఏం రాయాలని అడగబోయి, నా పేరు రాశాను. అక్క చదివింది, కొట్టెయ్యలేదు.

జూన్ 27, శుక్రవారం

పడవ వెళ్ళిపోయింది. ఉత్తరం వెళ్ళలేదు. బాబాయ్‌కి బూట్లు తిరిగొచ్చాయి. అక్క అనుమతి సంగతి నెలాఖరుకి తేలుతుందట. తను నాతో ఇంకా మాట్లాడట్లేదు.

సాయంత్రం బాబాయ్ నా గది గుమ్మం దగ్గరికొచ్చాడు. చేతిలో పొగాకు నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టిన మేజోళ్ళు.

"ఇవేసుకుంటే జలగ ఎక్కదు. ముందే ఇవ్వాల్సింది, బద్ధకించాను," అన్నాడు. తను. బద్ధకించాడట!

తీసుకున్నాను. కంపు కొడుతున్నాయి. గుండెకి హత్తుకుని నిలబడ్డాను వెర్రివాడిలా.

"నువ్వు చెప్పావట. విన్నాను."

"ఊఁ."

"ఒక్కటి అడుగుతాను బాబూ. ఆ రోజు మీటింగులో నా పేరు ఎత్తింది ఎవరు? పెద్దాయన చెప్పట్లేదు. ఆ ఫోన్ కుర్రాడేనా? నాలుగు రోజుల్నుంచీ అతను పలకరిస్తే పలకట్లేదు నేను. ఊరికే ఉసురు పోసుకుంటున్నానేమోనని."

"తెలీదు బాబాయ్," అన్నాను.

తలూపి వెళ్ళిపోయాడు. యాంకరు లోపల మంచం మీద ఉన్నాడు. వినే ఉంటాడు. అతనికి తెలుసు. ఫోన్ పక్కనపడేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇన్నాళ్ళూ నేను వెక్కిరించిన మనిషికి నా ముఖం చూడ్డానికి అసహ్యం వేసింది.

మొదటి పేజీలో చెప్పిన టోకు క్షమాపణలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. చెట్లు నేను నరకలేదు. కప్పల్ని నేను చంపలేదు. లైను మూయకపోవడం కూడా, చూడబోతే, చెయ్యకపోవడమే. నేను నిజంగా చేసిన పని ఒక్కటే ఉంది.

ఎవరో కాదు. నేను.

క్లిప్‌బోర్డు గారు ఎవరు తెరిచి ఉంటారని అడిగారు.  "ఈ మూడ్రోజులూ ఇక్కడున్నది బాబాయ్ ఒక్కడే కదండీ," అన్నాను. చాలా మామూలుగా, ఉప్పందుకోమన్నట్టు అన్నాను. కిటికీలోంచి చెయ్యి కూడా చూపించాను. ఆయన అప్పుడు పెరట్లో వంగి, మెస్సు మెంబరుకీ దాని ఆరు పిల్లలకీ గొయ్యి తవ్వుతున్నాడు.